కొత్త స్టెయిర్ ఎల్‌పీ10తో రేంజ్‌లో మొదటి రోజు: గ్రూప్ ఎడమ కిందకి పోతోంది, సైట్ తిప్పాలా?

నల్లచుక్క (హైదరాబాద్), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్లు క్లబ్ పిస్టల్‌తోనే కొట్టాను. ఇప్పటికి సొంతంగా స్టెయిర్ ఎల్‌పీ10 అనే పది మీటర్ల ఎయిర్ పిస్టల్ కొనుక్కోగలిగాను. ఇవాళ పొద్దున సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లోని రేంజ్‌కి తీసుకెళ్లాను. కొత్త పిస్టల్ తీసుకున్నవాళ్లకి, తీసుకోబోయేవాళ్లకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను. చివర్లో నాదో సందేహం కూడా ఉంది.

పెట్టె తెరవగానే చూసింది గాలి నింపే సిలిండర్ మీద కొట్టిన తేదీ. తయారైన తేదీ నుంచి పదేళ్లే దానికి గడువు కదా. కొత్తదే వచ్చింది. తర్వాత ట్రిగ్గర్. రేంజ్‌లో 500 గ్రాముల టెస్ట్ వెయిట్ ట్రిగ్గర్‌కి తగిలించి ఎత్తితే, ట్రిగ్గర్ విడిపోకుండా ఆ బరువుని మోసింది. ట్రిగ్గర్‌లో రెండు దశలు. మొదటి దశ మెత్తగా వెనక్కి వచ్చి ఒకచోట గోడలా ఆగుతుంది. అక్కడి నుంచి వేలు కదిలినట్టే తెలియదు, పెల్లెట్ (సీసపు గుండు) వెళ్లిపోతుంది. క్లబ్ పిస్టల్‌లో ఈ రెండో దశ కాస్త జారుతున్నట్టు ఉండేది, ఎప్పుడు పేలుతుందో అర్థమయ్యేది కాదు.

రెండో తేడా, షాట్ అయ్యాక పిస్టల్ దాదాపు కదలదు. దీంట్లో రికాయిల్‌ని మింగేసే స్టెబిలైజర్ ఉంది. ఫ్రంట్ సైట్ వెనక సైట్ గాడిలోనే, అంటే నాచ్‌లోనే, నిలబడి కనిపిస్తుంది. షాట్ ఎక్కడికి పోయిందో మానిటర్ చూడకముందే చెప్పగలుగుతున్నాను. బరువు కిలో లోపే. బ్యాలెన్స్ మాత్రం క్లబ్ దానికంటే కొంచెం ముందుకు ఉంది, భుజానికి అలవాటు కావాలి.

ఇప్పుడు సందేహం. గ్రూప్, అంటే షాట్లన్నీ పడే చోటు, బాగానే దగ్గరగా వస్తోంది, కానీ మొత్తం ఎనిమిది గంటల వైపు, అంటే ఎడమ కిందకి, ఎనిమిదో రింగ్‌లో కూర్చుంటోంది. నాది కుడి చేయి. గ్రిప్ మీడియం సైజు. సైట్ స్క్రూ తిప్పేసి మధ్యకి తెచ్చుకోనా, ఇంకేమైనా చూడాలా? పెల్లెట్లు ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10.

ఓరుగల్లు పదిపాయింట్లు (హనుమకొండ), శనివారం రాత్రి 10:05

కంగ్రాట్స్ అన్నా! గ్రూప్ దగ్గరగా వస్తోందంటే తుపాకీ మంచిదే. సైట్ నాలుగు క్లిక్కులు తిప్పి చూడండి, అయిపోతుంది. పెల్లెట్లు కూడా రెండు మూడు రకాలు కొట్టి చూడాలి. హెడ్ సైజు 4.49, 4.50 తేడాకే గ్రూప్ మారుతుంది. నేను హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ వాడుతున్నాను, నా బ్యారెల్‌కి అదే పడింది.

రేంజ్ మాస్టారు (సికింద్రాబాద్), ఆదివారం ఉదయం 6:20

సైట్ ముట్టుకోవద్దు. ఇప్పుడే వద్దు.

కుడిచేతివాళ్లకి కొత్త పిస్టల్‌తో ఎడమ కిందకి పోతోందంటే నూటికి తొంభై సార్లు తప్పు సైట్‌లో ఉండదు, చేతికీ గ్రిప్‌కీ మధ్య ఉంటుంది. సైట్ తిప్పి మధ్యకి తెచ్చుకుంటే ఇవాళ పదులు పడతాయి. వచ్చే వారం చెయ్యి కాస్త అలవాటు పడగానే గ్రూప్ కుడి పైకి పోతుంది. మళ్లీ తిప్పుతారు. అలా నెలల తరబడి స్క్రూ తిప్పుతూనే ఉన్నవాళ్లని చాలామందిని చూశాను.

ముందు ఈ పరీక్ష చేయండి. గాలి లేకుండా, సేఫ్టీ ఫ్లాగ్ (బ్యారెల్ ఖాళీ అని చూపే తీగ) పెట్టి, లేన్‌లో నిలబడండి. మామూలుగా పట్టుకుని, చెయ్యి ఎత్తి, కళ్లు మూసుకోండి. రెండు ఊపిరులు తీసుకుని మణికట్టుని దాని ఇష్టానికి వదిలేయండి. ఇప్పుడు కళ్లు తెరవండి. నాచ్‌లో ఫ్రంట్ సైట్ ఎక్కడుంది? ఎడమకి వాలి, కిందకి మునిగి ఉంటే మీ గ్రూప్ ఎక్కడ పడుతుందో అదే చెబుతోంది. మీరు ప్రతి షాట్‌కీ మణికట్టుతో దాన్ని మధ్యకి నెడుతున్నారు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ఆ నెట్టుడు సడలిపోతుంది, పిస్టల్ దాని సహజ దిక్కుకి వెళ్లిపోతుంది.

దీన్ని ఎందుకు అంత పట్టించుకోవాలంటే ఒక చిన్న లెక్క చూడండి. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకుందాం. నాచ్‌లో ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే పది మీటర్ల అవతల అది మూడు సెంటీమీటర్లు. అంటే పదికి బదులు ఏడు. అదే సైట్లు రెండూ సరిగ్గా ఉండి, చెయ్యి మొత్తంగా ఒక సెంటీమీటరు పక్కకి ఊగినా తొమ్మిది పడుతుంది. పిల్లలందరూ చెయ్యి ఊగుతోందని టెన్షన్ పడతారు. చెయ్యి ఊగనీ. సైట్లు విడిపోకూడదు. ఆ పని గ్రిప్ చేయాలి.

లెఫ్ట్‌హ్యాండ్ లత (విశాఖపట్నం), ఆదివారం ఉదయం 8:15

మాస్టారు గారు చెప్పింది అక్షరాలా నిజం. గ్రిప్ ఎక్కడ తగులుతోందో తెలుసుకోవడానికి నేను చేసేది చెబుతాను. అరచేతికి టాల్కం పౌడర్ పల్చగా రాసుకుని పిస్టల్ పట్టుకోండి. బిగించకుండా, షాట్‌కి ఎంత పట్టు పడతారో అంతే. వదిలేసి గ్రిప్ చూడండి. పౌడర్ అంటిన చోట చెయ్యి తగిలింది, అంటని చోట ఖాళీ ఉంది. నాకు అరచేతి గుంట దగ్గర పెద్ద ఖాళీ కనిపించింది. అక్కడ వుడ్ పుట్టీ కొద్దికొద్దిగా పెట్టి, ఆరాక సాండ్‌పేపర్‌తో అరగదీసి, మళ్లీ పౌడర్ రాసుకుని చూశాను. ఒకేసారి ముద్ద పెట్టకండి. పెట్టినంత తేలిక కాదు తీయడం.

ఇంకోటి, చూపుడు వేలు పిస్టల్ ఫ్రేమ్‌కి తగలకూడదు. వేలికీ చెక్కకీ మధ్య కాగితం దూరేంత సందు ఉండాలి. వేలు మొదటి కణుపు మెత్తని భాగం ట్రిగ్గర్ మీద నిటారుగా పడేలా ట్రిగ్గర్ షూని ముందుకో వెనక్కో జరుపుకోవాలి. మీది మీడియం గ్రిప్ అన్నారు, వేళ్ల పొడుగుకి అది సరిపోకపోతే ట్రిగ్గర్‌ని పక్కనుంచి నెడుతూ ఉంటారు. ఎడమకి పోవడానికి అదీ ఒక కారణం.

పామ్ షెల్ఫ్ (గ్రిప్ కింద చేతి అంచు ఆనే పలక) కూడా చూసుకోండి. చేతి అంచుని కింద నుంచి తాకాలి గానీ పైకి కరుచుకుని బిగించకూడదు. మణికట్టుకి ఆసరా ఇచ్చేలా ఉంటే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ తనిఖీలో ఆపేస్తారు.

ఓరుగల్లు పదిపాయింట్లు, ఆదివారం ఉదయం 8:40

గ్రిప్ మాట ఒప్పుకుంటాను. కానీ పెల్లెట్‌ని అంత తేలిగ్గా తీసేయకూడదు మాస్టారు. బ్యారెల్‌ని వైస్‌లో బిగించి కొడితే కొన్ని బ్యాచ్‌లు ఒకే రంధ్రంలోంచి పోతాయి, కొన్ని చెల్లాచెదురవుతాయి. పది రింగ్ వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు. గీత మీద పడే షాట్లు ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాతోనే పది అవుతాయో తొమ్మిది అవుతాయో తేలుతుంది.

రేంజ్ మాస్టారు, ఆదివారం ఉదయం 9:10

600కి 570 దాటి కొట్టేవాళ్లకి మీ మాట నిజం. ఆ స్థాయిలో బ్యాచ్ నంబర్ చూసి ఏడాదికి సరిపడా డబ్బాలు కొనిపెట్టుకోవాలి కూడా. అంతకంటే కింద ఉన్నవాళ్లకి నా సలహా ఒకటే. ఏదో ఒక మంచి మ్యాచ్ పెల్లెట్ పట్టుకుని మార్చకుండా కొట్టండి. గ్రిప్ మారుస్తూ, పెల్లెట్ మారుస్తూ, సైట్ మారుస్తూ పోతే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

కృష్ణలంక నాన్న (విజయవాడ), ఆదివారం మధ్యాహ్నం 1:30

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా పాప తొమ్మిదో తరగతి. క్లబ్ పిస్టల్‌తో ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. ఈషా సింగ్ 13 ఏళ్లకే 2018లో సీనియర్ నేషనల్స్ గెలిచిందని విన్నప్పటి నుంచి తనకి వేరే ధ్యాస లేదు. సొంత పిస్టల్ కొనమంటున్నారు. రెండు లక్షల పైచిలుకు మాట. మాకు అది చిన్న మొత్తం కాదు. సెకండ్ హ్యాండ్ ఒకటి చూపించారు, మొరీనీ కంపెనీది, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్. అది తీసుకోవచ్చా? లైసెన్స్ గొడవ ఏమైనా ఉంటుందా? పైన నల్లచుక్క గారు రాసింది చదివాక, కొనేముందు ఏం చూడాలో తెలుసుకోవాలనిపించింది.

నల్లచుక్క, ఆదివారం మధ్యాహ్నం 2:10

అయ్యో, ఏమనుకోవడమేముంది సార్, ఈ చర్చ అందుకే.

లైసెన్స్ సంగతి: 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 150 మీటర్ల వేగంతో పోతుంది కాబట్టి మన పిస్టళ్లలో వచ్చేది ఐదారు జౌళ్లే. కానీ బిల్లు, సీరియల్ నంబర్, పాప క్లబ్ సభ్యత్వ కార్డు కాపీ ఎప్పుడూ పెట్టెలోనే పెట్టుకోండి. బస్సులో, రైల్లో ఎవరైనా అడిగితే చూపించడానికి. అసలు తూటా పేల్చే .22 పిస్టల్ మాత్రం వేరే కథ, దానికి లైసెన్స్ తప్పనిసరి.

సెకండ్ హ్యాండ్‌లో సిలిండర్ తేదీ మొదట చూడండి. పదేళ్లు దాటిన సిలిండర్‌తో మ్యాచ్‌లో ఆపేస్తారు, కొత్త సిలిండర్ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. తర్వాత గాలి నింపి రాత్రంతా వదిలేయమనండి. తెల్లారి గేజ్ ముల్లు కిందకి దిగితే సీల్స్ పోయినట్టే.

లెఫ్ట్‌హ్యాండ్ లత, ఆదివారం మధ్యాహ్నం 2:45

అన్నయ్య గారూ, పాప చెయ్యి ఇంకా పెరుగుతుంది. ఎవరో తన చేతికి చెక్కించుకున్న గ్రిప్‌తో ఉన్న పిస్టల్ తీసుకుంటే దాన్ని సరిచేయడమే పెద్ద పని. చిన్న సైజు గ్రిప్ విడిగా దొరుకుతుందా అని ముందే కనుక్కోండి. పాపని తీసుకెళ్లి పట్టించి చూడకుండా మాత్రం డబ్బు ఇవ్వకండి. నాకు తెలిసిన ఒకమ్మాయికి డీలరు సైజు చూడకుండా పెద్ద గ్రిప్ అంటగట్టాడు. వెనక్కి తీసుకోనన్నాడు. ఆరు నెలలు ఆ పిల్ల వేళ్లు చాచుకుని కొట్టింది, మణికట్టు నొప్పితో సీజన్ పోయింది.

రేంజ్ మాస్టారు, ఆదివారం సాయంత్రం 5:00

మొరీనీ మంచి పిస్టల్. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అంత శుభ్రంగా ఇంకేదీ పనిచేయదు. కానీ బ్యాటరీ, సర్క్యూట్ ఉన్నది ఏదైనా ఒకరోజు మొండికేయొచ్చు, మీ ఊళ్లో బాగుచేసేవాళ్లు ఉండాలి కదా. టోక్యో ఒలింపిక్స్‌లో మనూ భాకర్‌కి ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ కాకింగ్ లివర్ (షాట్‌కి ముందు పిస్టల్‌ని సిద్ధం చేసే మీట) విరిగింది. బాగుచేయించుకుని వచ్చేసరికి చాలా నిమిషాలు పోయాయి, మిగిలిన షాట్లు హడావుడిగా కొట్టాల్సి వచ్చింది. 575తో 12వ స్థానం. అంత ఒత్తిడిలో 575 కొట్టడం ఎంత గొప్పో రేంజ్‌లో నిలబడినవాళ్లకే తెలుసు. మూడేళ్లకి ప్యారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది.

మ్యాచ్‌లో 60 షాట్లకి 75 నిమిషాలు. షాట్‌కి నిమిషంపావు. పది నిమిషాలు పోయినా లయ మొత్తం పోతుంది. అందుకే జిల్లా స్థాయి పిల్లలకి నా సలహా మెకానికల్ ట్రిగ్గర్. విడిభాగాలు దొరికేది, మీ క్లబ్‌లో ఇంకో నలుగురు వాడేది కొనండి. మ్యాచ్ రోజు ఏదైనా విరిగితే పక్క లేన్ వాళ్ల దగ్గర ఆ భాగం దొరుకుతుంది.

డల్లాస్ తెలుగు (టెక్సాస్), ఆదివారం రాత్రి 8:30

ఇక్కడి నుంచి ఒక మాట. నేను వారాంతాల్లో రేంజ్‌కి వెళ్లి 9 ఎంఎం పిస్టల్ కొడుతుంటాను, ఇప్పుడు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి. పోయినసారి ఇండియా వచ్చినప్పుడు ఒక మిత్రుడి ఎయిర్ పిస్టల్ పట్టుకున్నాను. సులువుగా ఉంటుందనుకున్నాను, కాదు. 9 ఎంఎం గుండు సెకనుకు 350 మీటర్ల దాకా పోతుంది, రెండు చేతులతో పట్టుకుంటాం. ఎయిర్ పిస్టల్‌లో ఒంటి చెయ్యి, పెల్లెట్ నెమ్మది. ట్రిగ్గర్ నొక్కాక కూడా కాసేపు పెల్లెట్ బ్యారెల్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ క్షణంలో చెయ్యి దించితే అది షాట్‌లో కనిపిస్తుంది. ఫాలో త్రూ (షాట్ అయ్యాక కూడా చెయ్యి అలాగే నిలపడం) అంటే ఏంటో నాకు ఆ రోజే అర్థమైంది.

ఇక్కడికి కొత్తగా వచ్చే తెలుగు కుర్రాళ్లకి ఒక హెచ్చరిక కూడా. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. స్నేహితులతో కలిసి రేంజ్‌కి వెళ్లి ఫొటోలు పెట్టే ముందు లాయర్‌ని అడగండి. వీసా పోగొట్టుకోవద్దు.

గ్యాస్ సుబ్బారావు (రాజమండ్రి), సోమవారం ఉదయం 7:00

సిలిండర్ నింపడం గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. దయచేసి జాగ్రత్తగా చదవండి.

నింపాల్సింది పొడి గాలి మాత్రమే. 200 బార్ దాటించొద్దు. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ ఉంది కదా అని దాంతో నింపితే, లోపల ఏ కొంచెం గ్రీజు, నూనె ఉన్నా మంటకి, పేలుడికి దారితీస్తుంది. నేను ముప్పై ఏళ్లుగా గ్యాస్ సిలిండర్ల పనిలోనే ఉన్నాను, ఆక్సిజన్‌కీ నూనెకీ పొత్తు కుదిరితే ఏమవుతుందో చూశాను. చిన్న పిల్లలు మొహానికి దగ్గరగా పట్టుకునే వస్తువు అది.

పెద్ద సిలిండర్ నుంచి నింపేటప్పుడు వాల్వ్ వెంట్రుకవాసి తిప్పండి. గబుక్కున నింపితే సిలిండర్ వేడెక్కి గేజ్ ఎక్కువ చూపిస్తుంది, చల్లారాక తగ్గిపోతుంది. చేతి పంపు వాడేవాళ్లు మధ్యలో ఆగి తేమ బయటికి వదలండి, తేమ లోపలికి పోతే రెగ్యులేటర్ పాడవుతుంది. విమానంలో వెళ్లేటప్పుడు సిలిండర్ పూర్తిగా ఖాళీ చేసి, చెక్ ఇన్ సామానులో పెట్టి, కౌంటర్‌లో చెప్పండి. ఎయిర్‌లైన్‌ని ముందురోజే అడగడం ఇంకా మంచిది.

కృష్ణలంక నాన్న, సోమవారం ఉదయం 7:45

సుబ్బారావు గారూ, చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇది మాకు ఎవరూ చెప్పలేదు. మా ఇంటి పక్కనే వెల్డింగ్ షాపు ఉంది.

ఓరుగల్లు పదిపాయింట్లు, మంగళవారం రాత్రి 9:20

నల్లచుక్క అన్నా, కళ్లు మూసుకునే పరీక్ష చేశారా? ఏం తేలింది?

నల్లచుక్క, ఆదివారం రాత్రి 8:50

ఆలస్యంగా రాస్తున్నాను, రేంజ్‌కి ఈ వారాంతమే వెళ్లగలిగాను.

కళ్లు తెరిచేసరికి ఫ్రంట్ సైట్ నాచ్ ఎడమ అంచుకి ఆనుకుని, పైభాగం కిందకి దిగి ఉంది. మాస్టారు చెప్పినట్టే. లత గారి పౌడర్ పద్ధతిలో చూస్తే బొటనవేలి కింది కండ దగ్గర గట్టిగా అంటింది, అరచేతి గుంట దగ్గర అసలు అంటలేదు. ఇంట్లో పుట్టీ పెట్టి, రెండు రాత్రులు ఆరనిచ్చి, సన్నని సాండ్‌పేపర్‌తో సరిచేశాను. చూపుడు వేలు చెక్కకి రాసుకుంటున్న చోట కూడా కొంచెం అరగదీశాను. ట్రిగ్గర్ షూని కొద్దిగా ముందుకి జరిపాను.

రేంజ్‌లో మొదట టార్గెట్ లేకుండా, తెల్ల కాగితం పెట్టుకుని కొట్టాను. టార్గెట్ మధ్య నల్లచుక్క లేకపోతే కన్ను దాని వెంట పరిగెత్తదు, సైట్ల మీదే ఉంటుంది. ఆ గ్రూప్ చూసి చాలా సంతోషమేసింది, ఐదు రూపాయల బిళ్లతో కప్పేయొచ్చు. తర్వాత అసలు టార్గెట్. సైటర్లలో (లెక్కలోకి రాని మొదటి షాట్లలో) ఎడమకి పోవడం పూర్తిగా ఆగింది. కిందకి మాత్రం ఇంకా కొంచెం ఉంది, తొమ్మిది అడుగున. అప్పుడు సైట్ తిప్పాను. ఊరికే తిప్పలేదు. ఐదు షాట్లు కొట్టి, పది క్లిక్కులు తిప్పి, మళ్లీ ఐదు కొట్టి, గ్రూప్ ఎంత జరిగిందో కొలిచి, ఒక్కో క్లిక్కుకి ఎంతో డైరీలో రాసుకున్నాను. ఏ వైపు తిప్పితే ఎటు పోతుందో కూడా బాణం గీసి పెట్టెలో అతికించాను. మ్యాచ్‌లో ఆ లెక్క అప్పటికప్పుడు గుర్తురాదు.

చివర్లో కొట్టిన పదేసి షాట్ల సిరీస్‌లు 93, 94, 92, 95. క్లబ్ పిస్టల్‌తో నాకు 90 దాటడమే కష్టంగా ఉండేది.

రేంజ్ మాస్టారు, ఆదివారం రాత్రి 9:30

శభాష్. కిందకి ఉన్న తేడా నాచ్ వెడల్పు వల్ల కూడా రావచ్చు. ఫ్రంట్ సైట్‌కి రెండు పక్కలా వెలుతురు సమానంగా, ధారాళంగా కనిపిస్తోందా చూడండి. సందు మరీ ఇరుకైతే కన్ను అలిసిపోయి చివరి సిరీస్‌లలో ఫ్రంట్ సైట్ దిగిపోతుంది. కొద్దిగా వెడల్పు చేసి ఒక పూట కొట్టి చూడండి. ఇంకో నెల వరకు గ్రిప్ ముట్టుకోవద్దు. రోజూ ఇంట్లో పావుగంట డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేయండి, ఖాళీ గోడ వైపు, పిల్లలు లేని గదిలో, పెల్లెట్ డబ్బా వేరే గదిలో పెట్టి.

కృష్ణలంక నాన్న, ఆదివారం రాత్రి 10:00

మాస్టారు గారూ, ఆ మొరీనీ వద్దనుకున్నాం. వచ్చే శనివారం పాపని తీసుకుని హైదరాబాద్ వస్తున్నాం, రెండు మూడు పిస్టళ్లు పట్టించి చూద్దామని. నల్లచుక్క గారు ఒప్పుకుంటే వారి ఎల్‌పీ10 ఒకసారి చేతిలో పట్టుకుని చూస్తుంది.

నల్లచుక్క, ఆదివారం రాత్రి 10:12

తప్పకుండా తీసుకురండి సార్. ఉదయం ఏడుకి రేంజ్‌లో ఉంటాను. నా గ్రిప్ ఇప్పుడు నా చేతికి చెక్కింది కాబట్టి పాపకి సరిపోదు. మా క్లబ్‌లో ఒకమ్మాయి దగ్గర చిన్న సైజు గ్రిప్ ఉంది, అడిగి తెప్పిస్తాను, నా పిస్టల్‌కే బిగించి కొట్టించి చూద్దాం. పాపకి చీలమండ కనిపించే తక్కువ ఎత్తు బూట్లు వేయించండి, మ్యాచ్‌లో వేసుకునేవి ఎలాగూ అవే. పెల్లెట్లు నా దగ్గర ఉన్నాయి, కొనక్కర్లేదు.